పికప్ బండిపై హామ్ రేడియో ఏరియల్: బిగించు విధము, ఎర్తు చేయు విధము

వాగు పొంగి దారి తెగిన రాత్రి గ్రామాధికారికి ముందుగా కావలసినది కబురు పంపు సాధనము. పడవ ఎక్కడికి రావలెనో, ఎందరు మేడల మీద తలదాచుకొన్నారో, ఏ పశువుల కొట్టము మునిగినదో మండల కేంద్రమునకు తెలిసిన గాని సహాయము కదలదు. సరిగా ఆ వేళకే విద్యుత్తు పోవును. కొన్ని గంటలకు సెల్ టవరు కింద బ్యాటరీలు కూడ అయిపోవును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినపుడు అంతటి నగరములోనే విద్యుత్తు, సెల్‌ఫోనులు స్తంభించినవి. ఇక వాగు అవతలి పల్లె సంగతి చెప్పనక్కరలేదు.

ఇటువంటి సమయమున టవరుతో పనిలేక, ఒక సెట్టు నుండి మరియొక సెట్టునకు నేరుగా మాట్లాడు సాధనము హామ్ రేడియో. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన నాడు భారతీ ప్రసాద్ అను హామ్ ఆపరేటరు తన బృందముతో అండమానులోని పోర్ట్‌బ్లెయిరులో ఉండిరి. ఆ బృందము వెళ్లినది రేడియో ప్రయోగముల కొరకు. తెల్లవారిన తరువాత ఆ సెట్లే ద్వీపవాసుల క్షేమసమాచారమును ప్రధాన భూభాగమునకు చేరవేసినవి. మన హైదరాబాదులో ఈ విద్యను నేర్పుటకు 1983లోనే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడినది.

దీనిని వాడుటకు లైసెన్సు తప్పనిసరి. 12 సంవత్సరములు నిండినవారు ఎవరైనను కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖ వారి పరీక్షకు కూర్చొనవచ్చును. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు తరగతులు కలవు. లైసెన్సు లేకుండ సెట్టు కొని బండిలో పెట్టుకొనుట నేరము. లైసెన్సు ఉన్నను దీనిని వ్యాపారమునకు వాడరాదు. టమాటా ధర ఎంత పలికినదో కనుగొనుటకు ఫోను ఉన్నది. బండిలో వాడుటకు ఏ షరతులు కలవో, ఎన్ని వాట్ల వరకు అనుమతి కలదో మీ లైసెన్సు కాగితములో చదువుకొని తరువాత పని మొదలు పెట్టవలెను.

ఇంటి మీద పెట్టిన సెట్టు కంటె పికప్ బండిలోని సెట్టుకు ఒక మేలు కలదు. నీరు వచ్చిన చోటి నుండి బండి మెరకకు పోగలదు, ఇంజను తిరిగినంతకాలము బ్యాటరీ నిండుచుండును. కాని బండి మీది ఏరియల్ ఇంటి మీది ఏరియల్ వలె ఊరక నిలబెట్టిన పనిచేయదు. చాలమంది సెట్టుకు వేలకు వేలు పోసి, ఏరియల్ కింద నాలుగు అంగుళముల రాగి పట్టీ వేయక, సెట్టు మంచిది కాదని తీసి మూలన పెట్టుదురు. ఆ పట్టీ సంగతే ఇక్కడ కొంచెము విపులముగ చెప్పదలచితిని.

ఈ వ్యాసములోని పని అశోక్‌నగర్‌లో ఒక పికప్ బండికి జరిగినది. బండి యజమాని కూరగాయలు పండించు రైతు. వానాకాలమున వారి ఊరికి వాగు అడ్డము వచ్చును. ఆయన కుమారుడు అశోక్‌నగర్‌లో గది తీసుకొని ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుచు, పనిలో పనిగా హామ్ పరీక్ష కూడ వ్రాసి లైసెన్సు తెచ్చుకొన్నాడు. అశోక్‌నగర్ వారికి నీటి బాధ కొత్తది కాదు. హుస్సేన్‌సాగర్ మిగులు నీరు మోయు నాలా ఆ పక్క నుండియే మూసీకి పోవును. 2000 ఆగస్టు 24 నాటి వర్షమునకు, మరల 2020 అక్టోబరు 13 నాటి వర్షమునకు ఆ నాలా పరిసర కాలనీలు మునిగినవి. కనుక ఊరిలో వాగు, పట్టణములో నాలా. బండి రెండు చోట్లను పనికి వచ్చునట్లు ఉండవలెనని తండ్రీకొడుకుల కోరిక.

పని మొదలు పెట్టకముందే ఆ రైతు అడిగిన ప్రశ్న ఇది: “బోరు మోటరుకు గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు పోసి ఎర్తు పెడ్తిమి. మరి తిరిగే బండికి ఎర్తు గొయ్యి యాడ తీస్తం సారూ?”

చాల మంచి ప్రశ్న. మోటారుకు పెట్టు ఎర్తు పని వేరు, రేడియోకు కావలసిన ఎర్తు పని వేరు. మోటారులో తీగ తెగి ఇనుప గుల్లకు కరెంటు తగిలినపుడు, ఆ కరెంటు మనిషి గుండ కాక భూమిలోనికి పోవుటకు ఆ గొయ్యి. రేడియో ఏరియల్‌కు కావలసినది జత. నిలువు కడ్డీ సగము ఏరియల్ మాత్రమే. సెట్టు నుండి కడ్డీలోనికి ఎంత కరెంటు ఎక్కునో, అంత కరెంటు రెండవ వైపున ఏదో ఒక లోహము నుండి తిరిగి రావలెను. తిరగలికి కింది రాయి లేనిదే పై రాయి ఎంత తిప్పినను పిండి రాదు గదా. బండి మీద ఆ కింది రాయి బండి ఇనుప శరీరమే: పైకప్పు రేకు, బానెట్టు, తలుపులు, ఛాసిస్, వెనుక తొట్టి. రబ్బరు చక్రముల మీద ఉన్నను బండి అడుగునకు, నేలకు మధ్య గాలి ఉన్నది. రెండు పలకల మధ్య గాలి ఉన్న కెపాసిటరు వలె అది రేడియో కరెంటును కొంతవరకు భూమికి చేర్చును. కాబట్టి గొయ్యి అక్కరలేదు. పెట్రోలు ట్యాంకరు వెనుక వ్రేలాడు గొలుసు వంటిదానిని కట్టిన రేడియోకు ఏ ఉపయోగము లేదు. బండిలోని ఇనుము అంతయు ఒకే ముక్కగ కలిసి ఉండుట ఒక్కటే కావలసినది.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. చూచుటకు బండి ఒకే ఇనుము వలె కనబడును గాని, రేడియో కంటికి అది విడి ముక్కల మూట. క్యాబిన్ ఛాసిస్ మీద రబ్బరు బుష్షులపై కూర్చొని ఉండును. తొట్టి బోల్టుల మీద ఉండును, ఆ బోల్టుల కింద రంగు, తుప్పు, మట్టి. బానెట్టు, తలుపులు గ్రీజు పూసిన మడతబందుల మీద తిరుగును. సైలెన్సరు గొట్టము రబ్బరు కొక్కెములకు వ్రేలాడును.

ఏరియల్ పొడవు

ముందు కడ్డీ ఎంత ఉండవలెనో లెక్క కట్టుకొందము. 300ను మెగాహెర్ట్జుల సంఖ్యతో భాగించిన అల పొడవు మీటర్లలో వచ్చును. కడ్డీ అందులో నాలుగవ వంతు ఉండవలెను. మన దేశములో హామ్‌లకు ఇచ్చిన 144 – 146 మెగాహెర్ట్జుల మధ్య 145ను తీసుకొనిన అల పొడవు సుమారు 2.07 మీటర్లు, నాలుగవ వంతు 52 సెంటీమీటర్లు. లోహపు కడ్డీలో ఇది నూటికి ఐదు పాళ్లు తగ్గును గనుక 49 సెంటీమీటర్లకు కత్తిరించవలెను. మొదట 52 సెంటీమీటర్లు ఉంచి, మీటరు చూచుకొనుచు 2, 3 మిల్లీమీటర్ల చొప్పున తగ్గించుకొనుట తెలివి. కత్తిరించిన ముక్కను మరల అతికించలేము.

ఈ చిన్న కడ్డీతో ఎంత దూరము మాట్లాడవచ్చును? ఈ అలలు దాదాపు చూపు మేర పోవును. చదును నేల మీద రెండు బండ్ల పైకప్పు ఏరియల్‌ల మధ్య 12 కిలోమీటర్లు అనుకొనవచ్చును. కొండ మీదనో ఎత్తైన మేడ మీదనో 100 మీటర్ల ఎత్తున రిపీటరు ఉన్నచో 45 కిలోమీటర్లు దాటవచ్చును. మధ్యలో గుట్టలు, మేడలు ఉన్న కొద్ది ఇది తగ్గిపోవును.

అంతకు మించిన దూరమునకు 7.0 – 7.2 మెగాహెర్ట్జుల పట్టీ వాడుదురు. ఇక్కడ నాలుగవ వంతు 10 మీటర్లు దాటును. బండి మీద 10 మీటర్ల కడ్డీ నిలుపుట అసాధ్యము గనుక, 2.4 మీటర్ల కడ్డీకి నడుమ ఒక తీగచుట్ట వేసి పొడవును మరిపింతురు. ఈ కురుచ కడ్డీకే ఎర్తు బాగోగులు ఎక్కువ తగులును. ఆ లెక్క ముందు చెప్పెదను.

ఎక్కడ బిగించవలెను

49 సెంటీమీటర్ల కడ్డీకి అన్నింటి కంటె మంచి చోటు క్యాబిన్ పైకప్పు నడిబొడ్డు. అక్కడ నుండి నాలుగు వైపుల సుమారు అర మీటరు రేకు ఉండును. ఈ కడ్డీకి కావలసిన కింది రాయి సరిగా అంతే. బానెట్టు అంచున బిగించిన ఒక వైపు బాగుగ, మరియొక వైపు మందముగ వినబడును.

పైకప్పుకు రంధ్రము వేయుటకు రైతులు ఒప్పుకొనరు. కొత్త బండికి తూటు వేయుటకు మనసు రాకుండుట సహజమే. అటువంటివారు అయస్కాంతపు పీట వాడవచ్చును. 145 మెగాహెర్ట్జుల వద్ద అయస్కాంతము రంగు మీదనే కూర్చున్నను రేకుతో రేడియో సంబంధము కలుగును. కాని టార్పాలిను తాళ్లు తగిలి అది జారును. పీట కింద దుమ్ము చేరి రంగు గీచుకొనిపోయి అక్కడనే తుప్పు మొదలగును. 7 మెగాహెర్ట్జులకు మాత్రము అయస్కాంతపు పీట పనికిరాదు. నన్నడిగిన, ఐదారేళ్లు వాడదలచినవారు 19 మిల్లీమీటర్ల రంధ్రము ఒకటి వేయించి, రబ్బరు వలయముతో వచ్చు పీటను బిగించుకొనుటయే మేలు. రంధ్రము వేయకముందు లోపలి గుడ్డను దించి, కింద విద్యుత్ తీగలు, అడ్డ కమ్మీలు లేవని చూచుకొనవలెను. రేకు కిందివైపు పీట పళ్లు కరచుచోట రంగును గరుకు కాగితముతో తెల్లని ఇనుము కనబడునట్లు గీకవలెను. బిగించిన తరువాత అంచులకు రంగు పూయవలెను. రంగు ముందు పూసి తరువాత బిగించు మేస్త్రీలు కలరు. వారిని దగ్గర ఉండి చూచుకొనవలెను.

2.4 మీటర్ల పొడవు కడ్డీని పైకప్పు మీద పెట్టరాదు. రేకు పలుచన, గాలికి కడ్డీ ఊగి రేకు పగులును. దీనికి తొట్టి ముందరి నిలువు కమ్మీ, అనగా క్యాబిన్ వెనుక ఉండు ఇనుప చట్రము, తగిన చోటు. 5 మిల్లీమీటర్ల మందము ఇనుప పట్టీతో బ్రాకెట్టు చేయించి, రెండు బోల్టులతో చట్రమునకు బిగించవలెను. గడ్డి మోపులు, బస్తాలు ఎక్కించునపుడు కడ్డీని విప్పి తీయుటకు వీలుండవలెను. మొదలులో తీగచుట్ట ఉన్న ఏరియల్ కంటె నడుమ చుట్ట ఉన్నది మంచిది. అయితే గాలికి ఎక్కువ ఊగును గనుక నైలాను దారముతో వెనుకకు ఒక కట్టు వేయుడు. లోహపు తీగతో కట్టరాదు.

ముక్కలను ఒకటి చేయుట

ఇపుడు రాగి పట్టీలకు వత్తము. తగరము పూసిన రాగి తీగలతో అల్లిన పట్టీ, 25 మిల్లీమీటర్ల వెడల్పుది, విద్యుత్ సామానుల దుకాణములలో దొరకును. మామూలు గుండ్రని తీగ ఎందుకు పనికిరాదని అడుగుదురు. రేడియో కరెంటు లోహపు పైపొర మీదనే ప్రవహించును. 7 మెగాహెర్ట్జుల వద్ద ఆ పొర మందము రాగిలో మిల్లీమీటరులో 40వ వంతు. కనుక తీగ లావు కంటె పైతలము వెడల్పు ముఖ్యము. ఇంకొక సంగతి ఏమనగా, ఒక మీటరు పొడవు గుండ్రని తీగ బ్యాటరీ కరెంటుకు అసలు అడ్డే కాదు గాని, 7 మెగాహెర్ట్జుల వద్ద 40 ఓములకు పైగా అడ్డు పడును. 145 మెగాహెర్ట్జుల వద్ద 900 ఓములు దాటును. అదే 15 సెంటీమీటర్ల పొడవు పట్టీ 7 మెగాహెర్ట్జుల వద్ద 4 ఓములు మాత్రమే. అందువలన పట్టీ వెడల్పుగను, వీలైనంత పొట్టిగను ఉండవలెను. పొడవు వెడల్పునకు ఐదారు రెట్లు మించకుండ చూచుకొనిన చాలును.

పట్టీలు వేయు క్రమములో మొదటిది ఏరియల్ బ్రాకెట్టు నుండి తొట్టి చట్రమునకు, అక్కడ నుండి ఛాసిస్‌కు. తరువాత క్యాబిన్ నుండి ఛాసిస్‌కు, రెండు వైపుల. ఆపై తొట్టి నాలుగు మూలల ఛాసిస్‌కు. బానెట్టుకు రెండు మడతబందుల వద్ద రెండు. సైలెన్సరు గొట్టమునకు రెండు మూడు చోట్ల వేయవలెను. ఆ గొట్టము బండి పొడవునా పరుగెత్తు ఇనుము గనుక, ఇంజను చప్పుడును ఏరియల్ వలె గాలిలోనికి వెదజల్లును. గొట్టము వేడికి తాళునట్లు ఇనుప బిగింపులు వాడవలెను. తలుపులకు అంత అవసరము లేదు.

ప్రతి అతుకు వద్ద రంగు గీకి, ఇనుము మెరయునట్లు చేసి, పళ్ల వాషరు వేసి, బిర్రుగ బిగించి, ఆ తరువాత పైన గ్రీజు పట్టించవలెను. వదులైన తుప్పు అతుకు అడ్డగించుట మాత్రమే కాదు, బండి కదలినపుడెల్ల చిటపట శబ్దము కూడ పుట్టించును.

మీటరు చెప్పు అబద్ధము

పట్టీలు వేసి మీటరు చూచినపుడు చాలమంది కంగారుపడుదురు. అశోక్‌నగర్‌లో ఆ విద్యార్థి కూడ కంగారుపడినాడు. పట్టీలు వేయకముందు ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు 3కు లోపు చూపినది, వేసిన తరువాత 4 దగ్గరకు పోయినది. పని చెడిపోయినదని అతడు పట్టీలు విప్పబోయినాడు.

లెక్క చూడుడు. 7 మెగాహెర్ట్జుల వద్ద 2.4 మీటర్ల కడ్డీ గాలిలోనికి పంపు పనికి 2.5 ఓములు అనుకొందము. తీగచుట్టలో నష్టము 5 ఓములు, ఎర్తులో నష్టము 10 ఓములు. మొత్తము 17.5 ఓములు. మీరు 100 వాట్లు పోసిన, అందులో గాలిలోనికి పోవునవి 14 వాట్లు. మిగిలినవి చుట్టను, తుప్పును వేడిచేయుటకే సరి. పట్టీలు వేసి ఎర్తు నష్టమును 5 ఓములకు తగ్గించిన, మొత్తము 12.5 ఓములగును, గాలిలోనికి 20 వాట్లు పోవును. అనగా పని ఒకటిన్నర రెట్లకు దగ్గరగ పెరిగినది. కాని కేబులు 50 ఓములది. 50ని 17.5తో భాగించిన 2.9, 12.5తో భాగించిన 4. మీటరు చూపునది ఈ పొందిక మాత్రమే. గాలిలోనికి ఎంత పోవుచున్నదో దానికి తెలియదు.

ఇందుకు విరుగుడు పట్టీలు విప్పుట కాదు. ఏరియల్ మొదట కేబులు నడిమి తీగకు, బండి శరీరమునకు మధ్య చిన్న తీగచుట్ట ఒకటి వేసి పొందిక కుదుర్చుకొనవలెను. దుకాణముల వద్ద ఇందుకు తయారుగ దొరకును. కురుచ కడ్డీ ఏ చుట్టా లేకుండ తనంతట తానే 1 చూపినచో సంతోషించరాదు. ఎక్కడో 45 ఓములకు పైగా వృథా అగుచున్నదని అర్థము.

కేబులు, బ్యాటరీ తీగలు

బండి లోపలి కేబులు ఐదు మీటర్లు మించనీయకుడు. సన్నని ఆర్‌జి-58 కేబులులో 145 మెగాహెర్ట్జుల వద్ద ఐదు మీటర్లకే ఐదవ వంతు శక్తి పోవును. తలుపు సందున నలుగకుండ, నీరు కేబులు వెంట లోపలికి జారకుండ బయట ఒక వంపు ఉంచవలెను. అతుకులకు రబ్బరు టేపు చుట్టవలెను.

సెట్టు కరెంటును సిగరెట్టు సాకెట్టు నుండి తీయరాదు. 50 వాట్ల సెట్టు 10, 12 ఆంపియర్లు, 100 వాట్ల సెట్టు 20 ఆంపియర్లకు పైగా లాగును. బ్యాటరీ నుండి నేరుగ తీగలు వేసి, ప్లస్ తీగకు బ్యాటరీ పక్కనే, ఒక జానెడు లోపల ఫ్యూజు పెట్టవలెను. 50 వాట్లకు 4 చదరపు మిల్లీమీటర్లు, 100 వాట్లకు 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలును. కొత్త బండ్లలో మైనస్ కొననే కరెంటు కొలుచు పరికరము ఉండును. అటువంటి బండ్లలో మైనస్ తీగను కొనకు కాక, బ్యాటరీ పట్టీ ఛాసిస్‌కు తగులు చోట కలుపవలెను. పెద్ద లారీలలో 24 వోల్టులు ఉండును. పికప్ సెట్టును తీసి లారీకి తగిలించిన క్షణములో మాడిపోవును.

చిక్కడపల్లి దారిలో చేసిన పరీక్ష

బండిని అశోక్‌నగర్ నుండి ఆర్టీసీ క్రాస్‌రోడ్డు, చిక్కడపల్లి మీదుగ నారాయణగూడ వరకు తిప్పి చూచితిమి. రేడియోకు ఇంతకంటె కష్టమైన దారి పల్లెలలో దొరకదు. 2023 ఆగస్టులో తెరచిన ఇందిరా పార్కు – వి.ఎస్.టి. ఉక్కు వంతెన తలపైన ఉండును. ఆర్టీసీ క్రాస్‌రోడ్డు నుండి నారాయణగూడ వరకు 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో మార్గము ఉండును. ఆ రైళ్ల పై తీగలలో 25,000 వోల్టుల కరెంటు నడచును. ఉక్కు వంతెన కింద 7 మెగాహెర్ట్జులలో మాట దాదాపు పోయి, బయటికి రాగానే మరల వినవచ్చినది. మేడల మధ్య 145 మెగాహెర్ట్జుల మాట ఒకచోట బాగుగ, రెండడుగులు దాటగనే బొత్తిగ వినబడకుండెను. నేరుగ వచ్చు అల, గోడకు తగిలి వచ్చు అల ఒకదానినొకటి కొట్టివేయుటయే దీనికి కారణము. అటువంటి చోట సెట్టుతో పోట్లాడక బండిని ఒక మీటరు ముందుకో వెనుకకో జరిపిన సరిపోవును. ఊరిలో గుట్ట పక్కన నిలిచినపుడును ఇదే ఉపాయము.

చిక్కడపల్లి సందులలో పొడవు కడ్డీని విప్పి తొట్టిలో పరుండబెట్టవలసి వచ్చినది. నిబంధన ప్రకారము రోడ్డును దాటు లో వోల్టేజి తీగలు 5.8 మీటర్లు, 11 కె.వి. తీగలు 6.1 మీటర్ల ఎత్తున ఉండవలెను. బండి ఎత్తు, కడ్డీ కలిపి 4.3 మీటర్లే. కాని సందులలో టీవీ కేబుళ్లు, ఇంటి తీగలు అంతకంటె కిందికి దిగి ఉండును. పొలములలో వాలిన స్తంభముల మధ్య 11 కె.వి. తీగ ఎంత కిందికి వ్రేలాడునో మీకు నేను చెప్పవలెనా? పొడవు కడ్డీతో గట్టు ఎక్కకుడు. తీగల కింద బండి ఆపి కడ్డీ నిలబెట్టకుడు.

ఒక సలహా. ఊరి నుండి హైదరాబాదుకు 150 కిలోమీటర్లు అనుకొనుడు. 7 మెగాహెర్ట్జులలో నిలువు కడ్డీ అలలను దూరముగ విసరును. దగ్గర ఊళ్లు దాని కింద తప్పిపోవుట కలదు. బండి ఆగి ఉన్నపుడు రెండు వేప చెట్ల మధ్య 20 మీటర్ల రాగి తీగను, నడుమ తెంచి ఒక్కొక్క వైపు 10 మీటర్లుగ, ఐదారు మీటర్ల ఎత్తున కట్టి కేబులు తగిలించినచో అలలు నిట్టనిలువుగ పోయి ఆకాశము నుండి చుట్టుపక్కల జిల్లాల మీదికే దిగును. కడ్డీ కంటె ఇది ఎన్నో రెట్లు మేలు. తీగ చుట్టను, తాళ్లను బండి సీటు వెనుక ఎప్పుడును ఉంచుకొనవలెను.

కొన్ని అపాయములు

సెట్టు మాట్లాడుచుండగ కడ్డీని ముట్టరాదు, చేయి కాలును. తొట్టిలో మనుషులు ఉన్నపుడు పొడవు కడ్డీ మీద మాట్లాడరాదు. పెట్రోలు పోయించుకొనునపుడు సెట్టు ఆపవలెను. ఉరుము వినబడగనే పొడవు కడ్డీ దించి, అద్దములు ఎత్తి, క్యాబిన్‌లో చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చొనుడు. క్యాబిన్‌లో రక్షణ ఇచ్చునది చుట్టునున్న ఇనుము. చక్రముల రబ్బరు కాదు. తొట్టిలో నిలుచున్నవారికి ఆ రక్షణ లేదు.

వీటన్నింటి కంటె ముఖ్యమైనది బావులలో రాయి పేల్చుట. కరెంటుతో పేలు డిటోనేటరు తీగలు రేడియో అలలను ఏరియల్ వలె అందుకొనును. మందుగుండు కూరిన బావి దరిదాపులలో సెట్టు మీట నొక్కిన, అది మనుషులు బావిలో ఉండగనే పేలు ప్రమాదము కలదు. బావి పని జరుగు పొలమునకు పోవునపుడు సెట్టు స్విచ్చి ఆపుట చాలదు, మైకు తీసి జేబులో వేసుకొనుడు. పేల్చువానికి బండిలో రేడియో ఉన్నదని ముందే చెప్పుడు. గ్రామాధికారులు ఈ ఒక్క మాటను బావులు తవ్వించువారందరికి తెలుపవలెను.

యూరియా బస్తాలు మోయు బండ్లు

పట్టణపు కార్లకు లేని కష్టము మన బండ్లకు ఒకటి కలదు. చిరిగిన బస్తాల నుండి రాలిన యూరియా, డి.ఎ.పి., పొటాషు తొట్టి మూలలలో చేరి, తడి తగలగనే ఉప్పునీరగును. రాగి, ఇనుము కలిసిన చోట ఈ ఉప్పునీరు చేరిన తుప్పు వేగముగ పట్టును. తొట్టి మూలల వేసిన పట్టీలు అన్నింటి కంటె ముందు పోవునవి ఇందువలననే. తగరము పూత లేని రాగి పట్టీ అయినచో ఒక వానాకాలములోనే పచ్చబడి పొడి రాలును. ఎరువు దించిన నాడే తొట్టిని మంచినీటితో కడిగి, మూలలు ఆరిన తరువాత గ్రీజు చూడవలెను. వాసలీను రాసినను సరే.

మూడు నెలలకొకసారి తొట్టి మూల నుండి బ్యాటరీ మైనస్ వరకు మల్టీమీటరుతో ఓములు చూడుడు. ముందుగ మీటరు కొనలు రెండింటిని కలిపి అవి చూపు అంకెను తీసివేయగ, అర ఓము కంటె ఎక్కువ కనబడిన ఏదో అతుకు పోయినది. మీటరు సున్న చూపినంత మాత్రమున రేడియోకు అంతా బాగున్నదని కాదు. సన్నని తీగ కూడ బ్యాటరీ కరెంటుకు సున్నయే చూపునని పైన చెప్పితిని. కాబట్టి కంటితో చూచి, చేతితో కదిపి, ప్రతి పట్టీని పరీక్షించవలెను. తొలకరికి ముందు, అనగా మే నెలాఖరున, ఒక లైసెన్సుదారుతో సమయము కుదుర్చుకొని, మీ వాగు గట్టు మీద నుండి, ఊరి గుడి మెరక మీద నుండి, పంచాయతీ ఆఫీసు ముందు నుండి మాట్లాడి, ఎక్కడ నుండి ఎట్లు వినబడినదో ఒక కాగితము మీద వ్రాసి సెట్టు పక్కన అంటించుడు. నీరు వచ్చిన రాత్రి బండిని ఎక్కడ నిలుపవలెనో అపుడు వెదకనక్కరలేదు.